వైకుంఠ రథానికి సబ్‌వూఫర్

జహీరాబాద్‌లో హైవే పక్కన ముప్పై ఏళ్లకు పైగా కార్లకు, జీపులకు, లారీలకు స్పీకర్లు బిగించాను. మోకాళ్లు సహకరించక రెండేళ్ల కింద షాపు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. తక్కువ బడ్జెట్‌లో ఏ స్పీకర్లు మంచివి, సబ్‌వూఫర్ అవసరమా, ఎంత సైజు తీసుకోవాలి అని. కంపెనీల పేర్లు నేను చెప్పను. అవి ఏడాదికోసారి మారతాయి. మారని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను, మిగతా సగం నా తప్పుల వల్ల తెలిసింది.

నా తప్పుల్లో ఒకటి ఒక చనిపోయిన మనిషికి, అతని భార్యకు సంబంధించింది. ఇన్నాళ్లూ దాని గురించి ఎవరికీ చెప్పలేదు. పోయిన వానాకాలంలో నా భార్య కమల చనిపోయింది. ఆ తర్వాత దాన్ని రాసి పెట్టాలనిపించింది. కమలకు తప్ప ఆ రోజు సంగతి పూర్తిగా తెలిసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

పాడే మనిషి ఎక్కడున్నాడు

మా ఉస్తాద్ పేరు ఖదీర్. మాటలు తక్కువ. పనిలో చేరిన మొదటి వారం నాకు ఒకటే మాట చెప్పాడు: "పాట ఇనకు. పాడేటోడు యాడ కూసున్నడో చూడు."

అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ముందు తలుపుల్లోని రెండు స్పీకర్లూ సరిగ్గా బిగిస్తే, గొంతు ఆ రెండింటిలోంచి వస్తున్నట్టు ఉండదు. రెండింటి మధ్యలో, ముందు అద్దం వెనక, స్పీకరనేదే లేని చోట ఒక మనిషి కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. మన పనంతా లేని మనిషిని ఒక చోట కూర్చోబెట్టడం. అతను ఎక్కడ కూర్చున్నాడో చెప్పగలిగితే సగం పని వచ్చినట్టే.

ఒకసారి రాయికోడ్ నుంచి మాణయ్య అనే అల్లం రైతు మూడు రోజుల కింద మేం స్పీకర్లు బిగించిన జీపును వెనక్కి తెచ్చాడు. దిగి, తలుపు వేయకుండా నిలబడ్డాడు.

"విఠలన్నా, నవ్వకు. పాడేటోడు ముంగట లేడు. నా మెడ ఎనక ఉన్నడు."

"ఎనక స్పీకర్లు మోగుతున్నయేమో కాకా."

"ఎనక స్పీకర్లే పెట్టలే గదా నువ్వు. పైసలు లేవని నేనే వద్దంటిని. పాట బంద్ చేసినంక గూడ ఎనకకు తిరిగి చూస్తున్న. మా ఆమె అయితే బండే ఎక్కనంటున్నది."

నేను నవ్వాను. ఖదీర్ నవ్వలేదు. జీపులో కూర్చుని పాట పెట్టించి కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి చేయి పైకెత్తి, తన మెడ వెనక ఖాళీలో ఒక చోట చూపించాడు. "నిజమే. ఈడనే ఉన్నడు" అన్నాడు.

ఎడమ తలుపులో నేను రెండు వైర్లను తారుమారు చేశాను. కుడి స్పీకరు బయటికి తోస్తుంటే ఎడమది లోపలికి లాగుతుంది. అప్పుడు మధ్యలో కూర్చోవలసిన గొంతు అక్కడ నిలవదు. ఎక్కడుందో చెవికి తెలియదు, వెనక ఉన్నట్టు ఉంటుంది. ఢోలక్ లాంటి కింది మోత కూడా సన్నబడిపోతుంది. వైర్లు మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. మాణయ్య మళ్లీ కూర్చుని విన్నాడు. "ముంగటికొచ్చిండు" అన్నాడు గానీ, బండి కదిలించే ముందు ఒకసారి వెనక్కి చూశాడు.

అతను వెళ్లాక ఖదీర్ నన్ను తిట్టలేదు. "కస్టమర్ భయపడ్డడంటే అండ్ల మన తప్పు ఏదో ఉంటది. నవ్వినంక ఎతుకుతవా, ముందుగాలనే ఎతుకుతవా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాడు. బండి ఇచ్చే ముందు, అందులో మనుషులు ఎక్కడెక్కడ ఉంటారో అక్కడల్లా మనం కూర్చుని చూడాలి. ఆ నియమాన్ని నేను ఒక్కసారే తప్పాను.

డబ్బు తక్కువైనప్పుడు

మీరు అడిగేది ఇదే కాబట్టి చెప్తాను.

ఉన్న డబ్బులో ఎక్కువ భాగం ముందు తలుపుల జతకు పెట్టండి. వెనక స్పీకర్లు పాతవే ఉండనివ్వండి, లేకపోతే లేనట్టే. తలుపు లోపలి రేకుకు కన్నాలుంటాయి. వాటిని మూసి, రేకుకు మందపాటి అట్ట అతికిస్తే మామూలు స్పీకరు కూడా మంచిదానిలా పలుకుతుంది. ఈ పనిని చాలామంది ఎగ్గొడతారు, ఎందుకంటే ఇది కస్టమర్‌కు కనిపించదు. పాటలు పెట్టే డెక్కు పనిచేస్తుంటే మార్చకండి. అద్దాలు అదిరేంత మోత కావాలని వచ్చేవాళ్లకు నేను పని చేయలేదు. వాళ్లకు కావలసింది పాట కాదు.

ఆ కింది మోత కోసం పెట్టే సబ్‌వూఫర్ చివర. అది చెవి కోసం కాదు, ఒంటి కోసం. అది ఎక్కడుందో చెవి కనిపెట్టలేదు. వెన్నుకు, అరికాలికి, అరచేతికి తెలుస్తుంది. అందుకే దాన్ని బిగించేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. అది పాటను ఏ వైరు నుంచి తీసుకుంటోంది, ఏ రేకును తాకుతోంది. ఈ రెండూ ఒకే బండిలో నేను తప్పాను.

రథం

ఊళ్లో కొందరు వ్యాపారులు కమిటీగా ఏర్పడి శవాలను తీసుకెళ్లడానికి ఒక వ్యాను నడిపేవారు. అందరూ వైకుంఠ రథం అంటారు. ముందు డ్రైవరు క్యాబిన్. వెనక గది మధ్యలో శవాన్ని పడుకోబెట్టే రేకు బల్ల, దానికి రెండు పక్కలా బంధువులు కూర్చోవడానికి బెంచీలు. క్యాబిన్‌కూ గదికీ మధ్య మూసి ఉండే అద్దం.

కమిటీ పెద్ద ఒక బట్టల శేఠ్. బండిని షాపుకు తెచ్చి, "గా పాట రేకు డబ్బాల గులకరాళ్లేసినట్టు మోగుతున్నది విఠల్. ఆఖరిసారి పోయే మనిషి. జర నిండుగ రావాలె. పైసలు మాత్రం తక్వనే ఉన్నయి" అన్నాడు.

ముందు తలుపులకు కొత్త జత వేశాను. వెనక గదిలో పాత స్పీకర్లనే శుభ్రం చేసి ఉంచాను. సీటు కింద పట్టే పల్చటి సబ్‌వూఫర్ ఒకటి పాతది దొరికింది. డెక్కుకు సబ్‌వూఫర్ కోసం వేరే దారి లేదు, అందుకని ముందు తలుపు స్పీకరు వైర్ల నుంచే పాటను తీసి దానికి ఇచ్చాను. అందరూ చేసేదే. డ్రైవరు సీటు కింద బ్యాటరీ, జాకీ ఉన్నాయి. కాబట్టి సబ్‌వూఫర్‌ను వెనక గదిలో, బల్ల కిందున్న ఇనప చట్రానికి బోల్టులతో బిగించాను. మధ్యలో వేయవలసిన రబ్బరు వాషర్లు ఆ రోజు షాపులో అయిపోయాయి. తర్వాత వేద్దామనుకున్నాను.

పరీక్షించాను. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. రెండు బెంచీల మీదా కూర్చున్నాను. పాటా, ఢోలక్ దెబ్బా కలిసి నిండుగా వస్తున్నాయి. బల్ల అదురుతోందేమో చూద్దామని చేయి చాపాను. డ్రైవరు నర్సింలు నా మణికట్టు పట్టుకున్నాడు.

"అన్నా, దాని మీద బతికున్న చెయ్యి పెట్టద్దు. ఇంటికి మంచిది కాదు."

నాకు అలాంటి నమ్మకాలు లేవు. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని. కానీ అప్పటికి వారం కింద కమలను బీపీ ఎక్కువై దవాఖానలో ఉంచి తెచ్చాను. చేయి వెనక్కి తీసుకున్నాను. బండి ఇచ్చేశాను.

ఆ బండిలో మనుషులు ఉండే చోట్లలో బల్ల కూడా ఒకటి. ఆ సంగతి నాకు తట్టలేదు.

"లేవలే, కొట్టుకున్నదంట"

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నర్సింలు రథాన్ని షాపు ముందు ఆపి లోపలికి వచ్చాడు. మంచినీళ్లు అడిగి, తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, పొద్దుగాల నా బండ్ల శవం..."

"లేచిందా ఏంది?" అన్నాను ఎగతాళిగా.

"లేవలే. గుండె కొట్టుకున్నదంట."

చనిపోయినతను సంగన్న, న్యాల్‌కల్ దగ్గరి ఊరు. చెరకు తోటలో కూలబడిపోతే జహీరాబాద్ దవాఖానకు తెచ్చారు. ప్రాణం దక్కలేదు. నర్సింలు శవాన్ని ఊరికి తీసుకెళ్తున్నాడు. వెనక సంగన్న భార్య బాలమణి, అన్న మల్లేశం కూర్చున్నారు. ఆమె భర్త ఛాతీ మీద అరచేయి పెట్టి కూర్చుంది. సగం దారిలో అద్దం బాదింది. నర్సింలు బండి పక్కకు ఆపి దిగి వెళ్లేసరికి, మల్లేశం కూడా తమ్ముడి ఛాతీ మీద చేయి పెట్టి ఉన్నాడు. కొట్టుకుంటోంది అన్నాడు.

నర్సింలు పాట ఆపేసి బండిని వెనక్కి తిప్పాడు. దవాఖానలో డాక్టరు మళ్లీ చూశాడు, మిషన్ కూడా పెట్టాడు. ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు. ఈసారి పాట పెట్టకుండా మళ్లీ ఊరికి తీసుకెళ్లారు.

"ఇప్పుడు ఎట్లున్నదక్కడ?"

"ఆమె చెయ్యి తీస్తలేదన్నా. దవాఖానకు మలపంగనే భయపడి ఆగింది, మళ్ల కొట్టుకుంటది అంటున్నది. ఐస్ బాక్స్ తెస్తే, దాండ్ల పెడితే సస్తడని అడ్డం పడ్డది. ఊళ్లె సగం మంది ఆమెనే నమ్ముతున్నరు. పెద్దమనుషులేమో పొద్దు గూకకముందే శవాన్ని లేపాలె, అవసరమైతే ఆమెను గుంజేసి లేపాలె అంటున్నరు." గ్లాసు కింద పెట్టి, "నువ్వు పెట్టిన దానితోటి అవుతదా గిట్ల? కానీ ఎనక పాటనే లేదు. వాళ్లు ఏడుస్తున్నరని ఎనక బంద్ చేసి, ముంగట నా కాడ్నే చిన్నగ పెట్టుకున్న" అన్నాడు.

నేను రథం వెనక తలుపు తీసి ఎక్కాను. అతను ఉదయం పెట్టినట్టే పాట పెట్టమన్నాను. అద్దం మూసి ఉంది. వెనక గదిలో పాట లేదు, గొంతు లేదు, ఏ చప్పుడూ లేదు. బల్ల మీద చేయి పెట్టాను. ఈసారి నర్సింలు ఆపలేదు.

కొట్టుకుంటోంది.

ఏమిటో తెలిసి కూడా చేయి తీసేశాను. మళ్లీ పెట్టాను. మెత్తగా, లోతుగా, ఒక దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. అది నిదానమైన భజన. గడియారం చూసి లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్బై రెండు. డెక్కులో వెనక స్పీకర్లు ఆపితే గొంతు మాత్రమే ఆగింది. సబ్‌వూఫర్ పాటను ముందు వైర్ల నుంచి తీసుకుంటోంది కాబట్టి అది ఆగలేదు. రబ్బరు లేకుండా చట్రానికి బిగించాను కాబట్టి ఆ దెబ్బ నేరుగా బల్లలోకి, బల్ల మీద ఉన్నదానిలోకి పోతోంది.

కమల చెప్పింది

ఇక్కడ నిజం చెప్పాలి. నేను మొదట చేసింది స్పానరు తీసుకోవడం. బోల్టులు విప్పేసి, సబ్‌వూఫర్ తీసేస్తే ఎవరికీ తెలియదు. డాక్టరు రెండుసార్లు చెప్పాడు. సాయంత్రానికి దహనం అయిపోతుంది. నేను వెళ్లి చెప్పడం వల్ల చనిపోయినవాడు లేవడు.

మా ఇల్లు షాపు వెనకే. కమల అన్నానికి పిలవడానికి వచ్చి అంతా వింది.

"పోయి చెప్పు" అంది.

"డాక్టరు చెప్పిండు గదా."

"డాక్టరు చెవుల చెప్పిండు. ఆమెకు చేతిల తెలిసింది. చేతికే చెప్పాలె."

"కొడతరు నన్ను."

"కొడితే కొట్టనియ్యి. నువ్వు పోకుంటే ఆమె బతికినన్ని దినాలు ఏమనుకుంటది? బతికున్నోణ్ని కాలవెట్టిన్రు, నన్ను గుంజేసి కాలవెట్టిన్రు అనుకుంటది. అది నువ్వు చేసినట్టు కాదా?"

స్పానరు కింద పెట్టి బండి ఎక్కాను.

జొన్నల మూట

మేం చేరేసరికి సంగన్న ఇంటి ముందు జనం రెండు గుంపులుగా ఉన్నారు. లోపల చాప మీద శవం. పక్కన బాలమణి, నలభై దాటని మనిషి. కుడి చేయి అతని ఛాతీ మీద ఉంది. ఎడమ చేత్తో ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఆమె ఏడవడం లేదు, వింటోంది.

నేనెవరో, ఏం బిగించానో మల్లేశంతో చెప్పాను. అతను నా కాలరు పట్టుకున్నాడు.

"మా తమ్ముని గుండెను డబ్బా అంటవా? నా చెయ్యి పెట్టి చూసిన నేను."

"మళ్ల పెట్టి చూడు అన్నా. ఆమెను గూడ చూడమను. అబద్ధమైతే నన్ను ఏమన్న చేయుండ్రి."

బాలమణి తల ఎత్తకుండానే అంది, "నేను రాను. చెయ్యి తీస్తే మళ్ల కొట్టుకోదు."

గోడకానుకుని కూర్చున్న సంగన్న తల్లి నేల మీద జరుగుతూ వచ్చింది. "నేను పెడత బిడ్డా. నేను కన్న గుండె. నేను పట్టుకుంట, నువ్వు పోయి చూసి రా" అంది. కోడలి చేతి మీద తన చేయి వేసింది. బాలమణి తన చేతిని కింది నుంచి నెమ్మదిగా బయటికి తీసుకుంది.

రథంలో బల్ల మీద ఒక జొన్నల మూట పెట్టించాను. దాని మీద దుప్పటి కప్పాను. బాలమణి బండెక్కి మూట మీద చేయి పెట్టింది. నర్సింలు ముందు కూర్చున్నాడు. అద్దం మూసి ఉంది. నేను చేయి ఊపాను.

ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆ మూటతో మాట్లాడుతోందని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

"ఆపు" అంది. ఆపించాను.

"పెట్టు."

పెట్టించాను. మళ్లీ ఆపమంది, మళ్లీ పెట్టమంది. మూడుసార్లు. తర్వాత దుప్పటి తొలగించి మూటను చూసింది.

"గిదే. తొవ్వంత గిదే."

"అవునమ్మా. బిగించింది నేనే. తప్పు నాది."

"తొవ్వంత మాట్లాడిన ఆయనతోటి. పెద్దోన్ని సదివియ్యనా అని అడిగిన, కొట్టుకున్నది. పొలం అమ్మనా అని అడిగిన, కొట్టుకున్నది. అన్నిటికి ఒక్కతీరుగనే కొట్టుకున్నది." మూట మీది నుంచి చేయి తీసింది. "అప్పుడే అనుమానం రావాలె నాకు. ఆయన దేనికీ ఒక్కతీరుగ జవాబియ్యడు."

మల్లేశం కూడా చేయి పెట్టి చూశాడు. దిగిపోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను కిందికి వంగి సబ్‌వూఫర్ వైరు కత్తిరించబోయాను.

"ఏం చేస్తున్నవ్?"

"కట్ చేస్తున్న అమ్మా. మళ్ల మోగకుండ."

"ఉండనియ్యి. కాష్టం కాడిదాక ఉండనియ్యి."

"అది ఆయన కాదమ్మా."

"ఎరికే. చెయ్యికి ఎరుకైంది." బండి దిగుతూ అంది, "ఇగ లేపుండ్రి ఆయనను."

వైరు కొయ్యకపోవడం

మర్నాడు బ్యాటరీని పక్కకు జరిపించి సబ్‌వూఫర్‌ను నర్సింలు సీటు కిందికి మార్చాను. రబ్బరు వేశాను. వెనక స్పీకర్లు ఆపితే వెనక గదికి ఏ దెబ్బా చేరకుండా చూశాను. తర్వాత ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుని, పాట మొదటి నుంచి చివరి దాకా విన్నాను. మీరూ అలాగే చేయండి. బండిలో పడుకునే మనిషి ఉంటే మీరూ పడుకుని చూడండి. పట్టింపులు ఏవైనా ఉంటే ఇంటికి వెళ్లి స్నానం చేయండి.

ఆ రోజు వైరు కత్తిరించి ఉండాల్సిందని చాలాకాలం అనుకున్నాను. నిజం చెప్పడానికి వెళ్లినవాణ్ని, అబద్ధాన్ని మోగించి పంపాను కదా అని. కమలతో అంటే, "ఆమె అడిగింది నిజమెరిగినంకనే గదా" అనేది.

కమలను తీసుకెళ్లిందీ ఆ రథమే. నర్సింలు నన్ను ఏమీ అడగకుండా వెనక పాట ఆపాడు. నేను ఆమె పక్కన కూర్చుని చేయి పెట్టాను. దారంతా ఏమీ తగల్లేదు. నా చేతులతో సరిగ్గా చేసిన పని అది. సరిగ్గా చేయకపోయి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత బాలమణి విషయంలో నన్ను నేను తప్పుపట్టుకోవడం మానేశాను.

ఆ సాయంత్రం సంగన్నను బల్ల మీద పడుకోబెట్టాక నేను క్యాబిన్‌లో నర్సింలు పక్కన కూర్చున్నాను. భజన చిన్నగా ముందే మోగుతోంది. ఊరి చివర చెరకు తోటలు దాటి శ్మశానానికి దూరం తక్కువే, కానీ నర్సింలు మనిషి నడిచేంత వేగంతో నడిపాడు. నేను అద్దంలోంచి చూశాను. బాలమణి చేయి భర్త ఛాతీ మీద ఉంది. మల్లేశం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఈసారి ఏమీ అడగడం లేదు. ఆమే చెప్తోంది. అద్దం మూసి ఉండడం వల్ల మాటలు వినబడలేదు. ఒక్కో మాట తర్వాత ఆగుతోంది, దెబ్బ రాగానే తల ఊపుతోంది.

చితి కనబడగానే పాట ఆపాలా అని నర్సింలు నా వైపు చూశాడు. అప్పుడే వద్దన్నాను. బండి నిలిచింది. జనం వెనక తలుపు తీశారు. ఆమె వాళ్లను ఒక్క నిమిషం ఉండమని, నా వైపు తిరిగి, అద్దం అవతలి నుంచి చేత్తో చాలు అన్నట్టు సైగ చేసింది.

నేను బటన్ నొక్కాను. ఆమె చేయి అక్కడే ఉంచి, ఆగిందని తెలిసేదాకా చూసింది. తర్వాత చేయి తీసేసి, దింపమని మల్లేశంతో చెప్పింది.